అమ్మకి చెప్పిన అబద్ధం, చుక్కల గిటారు

మామిడికాయలు బజార్లోకి దిగాయి. జాడీలు కడిగి ఎండలో బోర్లించుకునే రోజులు. కారం ఎంత, ఆవపిండి ఎంత, నూనె ఎంత అని లెక్కలు వేసుకుంటున్న మిమ్మల్ని ఈ వారం కాసేపు వంటింట్లోంచి ఇవతలకి పిలుస్తున్నాను. ఓ పాటగాడి సంగతి చెబుదామని. అదీ మన పాటగాడు కాదు, అమెరికా ఆయన. గిటారు వాయిస్తాడు. "ఇదేం చోద్యం! ఈవిడకీ గిటారుకీ ఏవిటి సంబంధం?" అని పేజీ తిప్పెయ్యకండి. చెప్పొద్దూ, మొదట్లో నేనూ అలాగే అనుకున్నాను.

2023 ఫిబ్రవరిలో నేను ముంబైలో మా తమ్ముడింట్లో ఉన్నాను. మా మరదలికి అక్కడే కాన్పయింది. వాళ్ళమ్మగారు మూడు నెలలు ఉండి చేసి వెళ్ళారు. ఆ తర్వాత "అక్కా, నువ్వొచ్చి కొన్నాళ్ళుండవే" అని తమ్ముడు ఫోను చేశాడు. అసలు వెళ్ళాల్సింది మా అమ్మ. మోకాళ్ళ నొప్పులతో ఆవిడ గుంటూరు జిల్లాలోని మా ఊరు దాటి రాలేని పరిస్థితి. మనవడి మొహం ఫోన్లో చూడటమే తప్ప ఒళ్ళో పెట్టుకున్నది లేదు. "దసరాకి తీసుకొస్తానమ్మా" అన్నాడు వీడు. దసరా వెళ్ళింది. "సంక్రాంతికి తప్పకుండా" అన్నాడు. సంక్రాంతీ వెళ్ళింది. సెలవు దొరకలేదు. వీడి తప్పు కూడా ఏం లేదు లెండి, ఉద్యోగాలు అలా ఉన్నాయి.

వీడికి చిన్నప్పట్నించీ గిటారు పిచ్చి. ఇంటర్లో ఉండగా ఎవరిదో పాత గిటారు తెచ్చుకుని డాబా మీద కూర్చుని వాయించేవాడు. నాన్న కేకలేస్తే అమ్మ అడ్డం పడేది. ఉద్యోగం కోసం ముంబై వచ్చేశాక వాయించడం పోయింది, వినడం మిగిలింది. ఆ ఫిబ్రవరిలో బడ్డీ గై అనే ఆయన కచేరీకి మూడు నెలల ముందే రెండు టిక్కెట్లు కొని పెట్టుకున్నాడు, తనకీ భార్యకీ అని. తీరా ఆ రోజొచ్చేసరికి పిల్లాడికి జలుబు. మరదలు కదలనంది. "అక్కా, నువ్వు రావే" అన్నాడు.

"నేనా! ఆ హోరులో నేనేం చేస్తానురా?"

"ఆయనకి ఎనభై ఆరేళ్ళక్కా. వీడ్కోలు యాత్ర పెట్టుకున్నాడు. మళ్ళీ ఇంత దూరం వస్తాడో రాడో."

ఎనభై ఆరేళ్ళు అనేసరికి నాకు ఆశ్చర్యం వేసింది. ఆ వయసులో మన ఇళ్ళలో పెద్దవాళ్ళు మంచం మీంచి లేచి బాత్‌రూముకి వెళ్ళొస్తే అదే పదివేలు అనుకుంటాం. ఈయన అమెరికా నుంచి విమానం ఎక్కి వచ్చి వేల మంది ముందు నిలబడి వాయిస్తాడట! ఆ విడ్డూరం చూద్దామని బయల్దేరాను. నేత చీర కట్టుకుని, ఎందుకైనా మంచిదని పర్సులో కాస్త దూది కూడా పెట్టుకున్నాను, చెవుల్లోకి. చేసిన పులిహోర డబ్బా బ్యాగులో పెడితే "లోపలికి రానివ్వరే" అన్నాడు తమ్ముడు. ఆటోలోనే తినేశాం.

కచేరీ బాంద్రాలోని మెహబూబ్ స్టూడియోలో. ఆ పేరు వినగానే నాకు 'మదర్ ఇండియా' గుర్తొచ్చింది. ఆ సినిమా తీసిన మెహబూబ్ ఖాన్ 1954లో కట్టించిన స్టూడియో అది. అప్పులవాడి చేతిలో నలిగిపోతూ ఇద్దరు కొడుకుల్ని పెంచిన పల్లెటూరి తల్లి కథ ఆ సినిమా. 1957 అక్టోబరులో విడుదలైంది. ఈ సంవత్సరం కాస్త గుర్తుపెట్టుకోండి. 2011 నుంచి ఆ స్టూడియోలో మహీంద్రా బ్లూస్ ఫెస్టివల్ అని పాటల పండగ జరుపుతూ వచ్చారు. మొట్టమొదటి ఏడే బడ్డీ గై వచ్చి వాయించాడు. మళ్ళీ 2015లోనూ వచ్చాడు. ఇప్పుడు వీడ్కోలు యాత్ర కూడా ఇక్కడి నుంచే మొదలుపెట్టాడు.

బ్లూస్ అంటే ఏవిటో నాకప్పటికి తెలీదు. మా తమ్ముడు చెప్పిందీ, నేను తర్వాత చదివి తెలుసుకున్నదీ కలిపి నాకర్థమైనట్టు చెప్తాను. అమెరికా దక్షిణాన పొలాల్లో చాకిరీ చేసిన నల్లజాతి వాళ్ళ పాటల్లోంచి పుట్టిన సంగీతం ఇది. అక్కడ బానిసత్వం 1865లో చట్టప్రకారం పోయింది కానీ, పేదరికం పోలేదు, వివక్ష పోలేదు. పగలంతా ఎండలో పని, రాత్రికి ఓ పాట. ఈ పాట కట్టే తీరు కూడా తేలిక. ఒక మాటని రెండుసార్లు అంటారు, మూడోసారి దానికి జవాబు చెప్తారు. పాడేవాడు ఒక ముక్క పాడితే గిటారు దానికి ఊఁ కొడుతుంది. మన నాట్లలో ఒకావిడ అందుకుంటే మిగిలిన ఆడవాళ్ళు అంటారు చూడండి, అలాగన్నమాట. ఇక వీణ మీద తీగని పక్కకి లాగి గమకం పలికించినట్టు, వీళ్ళు గిటారు తీగని వేలితో నెట్టి స్వరాన్ని సాగదీస్తారు. అప్పుడది ఏడ్చినట్టు, మూలిగినట్టు, ఒక్కోసారి నవ్వినట్టు కూడా వినిపిస్తుంది. కరెంటు గిటారు వచ్చాక ఈ పాటలోంచే రాక్ సంగీతం బయల్దేరింది. కరెంటు వాయిద్యంలో గమకం పలుకుతుందా అని మనం అనుమానపడక్కర్లేదు. మన పాలకొల్లు కుర్రాడు మాండలిన్ శ్రీనివాస్ కరెంటు మాండలిన్ మీద త్యాగరాజ కీర్తనలు పలికించలేదూ!

ఇప్పుడు ఈయన కథ. బడ్డీ గై 1936 జూలై 30న లూసియానా రాష్ట్రంలో లెట్స్‌వర్త్ అనే చిన్న పల్లెలో పుట్టాడు. తల్లి ఇసబెల్, తండ్రి శామ్. ఐదుగురు పిల్లలు. పొలం సొంతం కాదు, పంటలో వాటా ఇచ్చే పద్ధతి మీద కౌలు. పిల్లలూ పత్తి ఏరేవారు. వంద పౌన్లు, అంటే సుమారు 45 కిలోల పత్తి ఏరితే రెండున్నర డాలర్లు. మా గుంటూరు వైపు వాళ్ళకి పత్తి తీత గురించి వేరే చెప్పక్కర్లేదు. దూది తేలిక. 45 కిలోలు కావాలంటే ఎన్ని వేల సార్లు వంగాలో, ఎండిన కాయ అంచులు గుచ్చుకుని వేళ్ళు ఎలా చీరుకుపోతాయో ఏరిన ఆడవాళ్ళని అడగాలి. తమ్ముడు ఈ సంగతి చెప్తుంటే, పర్సులో నేను తెచ్చుకున్న దూది గుర్తొచ్చి నాకే సిగ్గేసింది.

ఆ పిల్లాడికి గిటారు కొనుక్కునే దారి లేదు. ఇంటి కిటికీకి కొట్టిన దోమల జాలీలోంచి తీగలు లాగి, వాటిని చెక్కకి బిగించి వాయించుకునేవాడు. "ఇంట్లోకి ఇన్ని దోమలు ఎక్కణ్ణించి వస్తున్నాయిరా?" అని తల్లి తల బాదుకునేదట. మన ఇళ్ళలో పిల్లలు చేసే నిర్వాకాలు గుర్తు రావడం లేదూ? కాస్త పెద్దయ్యాక చదువు కోసం బేటన్ రూజ్ పట్టణంలో అక్కగారింట్లో ఉన్నాడు. అరుగు మీద కూర్చుని రెండు తీగల పాత గిటారు వాయిస్తుంటే, దారినపోయే ఒకాయన చూసి, తీసుకెళ్ళి కొత్త గిటారు కొనిపెట్టాడు. చుట్టం కాదు, పక్కం కాదు.

ఆ ఊళ్ళోనే ఈ కుర్రాడు కూడా ఓ కచేరీకి వెళ్ళాడు. గిటార్ స్లిమ్ అనే ఆయనది. టిక్కెట్టు అర డాలరు. ఈయన అందరికన్నా ముందు వెళ్ళి స్టేజీకి ఆనుకుని నిలబడ్డాడు. గిటారు మోత వినిపిస్తోంది, స్టేజీ మీద మాత్రం మనిషి లేడు! వెనక్కి తిరిగి చూస్తే, పొడుగాటి తీగ ఈడ్చుకుంటూ, ఎర్ర సూటులో, జనం మధ్యలోంచి వాయించుకుంటూ వస్తున్నాడు ఆయన. వాయిస్తే ఇలా వాయించాలి అని ఆ రోజే అనుకున్నాడట బడ్డీ గై. ఆ తర్వాత ఎన్ని దేశాల్లో వాయించినా, స్టేజీ దిగి జనంలోకి నడుచుకుంటూ వెళ్ళి వాయించడం ఆయనకి అలవాటైపోయింది. అర డాలరు టిక్కెట్టుతో ఒక పిల్లాడు చూసింది ఆయన జీవితాంతం జనానికి తిరిగి ఇస్తూ వచ్చాడు.

కాలేజీలో పనివాడిగా కొన్నాళ్ళు చేసి, 1957 సెప్టెంబరు 25న షికాగో రైలు దిగాడు. 'మదర్ ఇండియా' విడుదలకి సరిగ్గా నెల ముందు. అక్కడ ఆయనకి ఎవరూ తెలీదు. నెలలు గడిచినా పని దొరకలేదు. చేతిలో డబ్బు అయిపోయింది. పస్తులున్నాడు. ఇక ఇంటికి తిరిగిపోదామనుకుంటున్న రోజుల్లో, ఓ క్లబ్బులో వాయించే అవకాశం వచ్చింది. ఆ రాత్రి ఆయన వాయిస్తుంటే, షికాగో బ్లూస్‌కి పెద్ద దిక్కయిన మడ్డీ వాటర్స్ కారేసుకుని వచ్చాడు. కుర్రాడి మొహం చూసి ఆకలితో ఉన్నాడని కనిపెట్టేశాడు. కార్లో కూర్చోబెట్టి, రొట్టె, సలామీ మాంసం ముక్కలు తెప్పించి తినిపించాడు. ముందు వాయించు, తర్వాత చూద్దాం అనలేదు. ముందు తిను అన్నాడు. ఈ ఒక్క సంగతితో మడ్డీ వాటర్స్ నాకు మనవాడైపోయాడు. ఆకలిగా ఉన్నవాణ్ణి మొహం చూసి కనిపెట్టడం మన ఆడవాళ్ళకే వచ్చనుకుంటాం కదా!

అక్కణ్ణించి అంతా పూలబాట అనుకోకండి. ఈయన పెద్ద శబ్దంతో, తీగలు అరిచేట్టు వాయిస్తే రికార్డు కంపెనీ వాళ్ళకి అది గోలలా అనిపించింది. తగ్గించి వాయించమనేవాళ్ళు. ఇతరుల పాటల వెనక వాయించమని కూర్చోబెట్టేవాళ్ళు. పగలు పాడైపోయిన కార్లని లాక్కెళ్ళే లారీ నడిపి, రాత్రిళ్ళు క్లబ్బుల్లో వాయించి సంసారం ఈదాడు. తమాషా ఏవిటంటే, ఆయన గోలని విని నేర్చుకున్న ఎరిక్ క్లాప్టన్, జిమి హెండ్రిక్స్ లాంటి కుర్రాళ్ళు లోకమంతా పేరు తెచ్చుకున్నారు. హెండ్రిక్స్ అయితే 1968లో న్యూయార్క్‌లో ఈయన వాయిస్తుంటే వచ్చి వింటూ కూర్చున్నాడు. ఈయనకి మాత్రం చాలాకాలం అంతటి పేరు రాలేదు. 1991లో 'డామ్ రైట్ ఐవ్ గాట్ ద బ్లూస్' అనే ఆల్బమ్ వచ్చింది, గ్రామీ అవార్డు తెచ్చింది. అప్పటికి ఆయనకి 55 ఏళ్ళు. మనవైపు రిటైర్మెంటు గురించి ఆలోచించే వయసు. 2005లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఆయన్ని చేర్చుకున్నప్పుడు, సభకి పరిచయం చేసింది ఆ క్లాప్టన్, బి.బి. కింగ్. 2012లో అమెరికా అధ్యక్షుడి ఇంట్లో కచేరీ చేస్తూ ఒబామా గారి చేతే నాలుగు ముక్కలు పాడించాడు కూడా.

ఇవన్నీ క్యూలో నిలబడి తమ్ముడు చెప్తుంటే విన్నాను. మా ముందు ఒకావిడ నిలబడి ఉంది. అరవై దాటి ఉంటాయి. కాటన్ చీర, భుజాన గుడ్డ సంచీ, ఒక్కతే. నాలాగే చీరలో ఉన్న మనిషి కనపడేసరికి ప్రాణం లేచొచ్చి, వచ్చీరాని హిందీలో పలకరించాను. పుణే నుంచి రైల్లో వచ్చిందట. "మీకు ఈయన పాటలంటే ఇష్టమా?" అన్నాను. "నాకు కాదు, మా ఆయనకి" అంది. సంచీలోంచి ఓ పాత క్యాసెట్టు తీసి చూపించింది. మీద అక్షరాలు చెరిగిపోయాయి. రోజూ సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి ఆయన ఆ క్యాసెట్టు పెట్టుకుని టీ తాగేవారట. మొదట్లో ఈవిడకి విసుగ్గా ఉండేదట. తర్వాత్తర్వాత ఆ క్యాసెట్టు వినపడకపోతే సాయంత్రమే అయినట్టు ఉండేది కాదట.

"2011లో ఈయన వచ్చాడని పేపర్లో చూశాం. అమ్మాయి పెళ్ళి పనుల్లో ఉన్నాం. మళ్ళీ వస్తాడులే అన్నారు. మళ్ళీ వచ్చాడు. అప్పుడు కోడలి పురుడు. ఈసారి వెళ్ళొద్దులెండి, ఇంకోసారి వస్తాడు అన్నాను నేనే" అంది. ఆగి, "ఈయన వచ్చాడు. మా ఆయనే లేరు" అంది. ఏడవలేదు. క్యాసెట్టు మళ్ళీ సంచీలో జాగ్రత్తగా పెట్టుకుంది.

నాకు ఏం అనాలో తోచలేదు. ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. లోపలికి వెళ్ళాక కూడా మా పక్కనే ఉండమన్నాను.

లోపల చూస్తే, నేననుకున్నట్టు అంతా జుట్టు పెంచుకున్న కుర్రాళ్ళు కాదు. నెరిసిన తలలు చాలా ఉన్నాయి. తండ్రీ కొడుకులు కలిసి వచ్చినవాళ్ళు ఉన్నారు. రాత్రంతా ప్రయాణం చేసి వచ్చినవాళ్ళు ఉన్నారు. పాటలన్నీ ఫోన్లోనే దొరుకుతున్నాయి కదా, ఇంత శ్రమ పడి రావడం దేనికి అని మా తమ్ముణ్ణి అడిగాను. "ఫోన్లో అమ్మని చూడ్డం, ఇంటికెళ్ళి చూడ్డం ఒకటేనా అక్కా?" అన్నాడు. అనేసి నాలిక్కరుచుకున్నాడు. నేను వాడి మొహం వంక చూశాను. ఇద్దరం ఇంకేం మాట్లాడలేదు.

పెద్దాయన వచ్చాడు. చుక్కలు, చుక్కలు! జనం పెట్టిన కేకలకి ఆ పందిరి ఎగిరిపోతుందేమో అనుకున్నాను. దూది కోసం పర్సు తెరిచాను కానీ, తియ్యలేదు. నాకు సంగీతం తెలీదు కాబట్టి నాకు తెలిసినంత చెప్తాను. ఆయన ఉన్నట్టుండి శబ్దం తగ్గించేస్తాడు. ఇంకా తగ్గిస్తాడు. పసిపిల్లాణ్ణి నిద్రపుచ్చి మెల్లిగా ఉయ్యాల వదిలినట్టు, తీగ మీద వేలు ఆనీ ఆననట్టు. అంత జనమూ ఊపిరి బిగపట్టి వింటారు. అంతలో పెళపెళమని ఒక్క ఉరుము! ఒళ్ళు ఝల్లుమంటుంది. చూస్తే ఆయన చిలిపిగా నవ్వుతుంటాడు. ఎనభై ఆరేళ్ళ ముఖంలో ఆ దోమల జాలీ పీకిన పిల్లాడు కనపడ్డాడు నాకు. గొంతులో వయసు తెలుస్తూనే ఉంది. అయినా దానికి ఎవరూ చిన్నబుచ్చుకోలేదు. ఆ వయసు కూడా పాటలో భాగమే అన్నట్టు విన్నారు. పుణే ఆవిడ కళ్ళు మూసుకుని, ఒక చెయ్యి సంచీ మీద పెట్టుకుని నిలబడింది.

"ఆ చుక్కలేవిట్రా? 'బాబీ'లో డింపుల్ కపాడియా జాకెట్టులాగా!" అన్నాను తమ్ముడితో, మధ్యలో కాస్త సందు దొరికితే. అప్పుడు చెప్పాడు, నేను మీకు చెబుదామనుకున్న అసలు సంగతి.

ఆయన చదువుకునే రోజుల్లోనే తల్లికి పక్షవాతం వచ్చింది. మాట పడిపోయింది. అలాంటి తల్లిని వదిలి షికాగో వెళ్ళాలి. వెళ్తూ వెళ్తూ ఆవిడకి ఓ మాట చెప్పాడు. అక్కడ బాగా డబ్బు సంపాదించి నీకు పంపిస్తానమ్మా, ఒంటినిండా చుక్కలున్న కాడిలాక్ కారు కొనుక్కుని అందులో నిన్ను చూడ్డానికి వస్తాను అని. కాడిలాక్ అంటే అప్పట్లో అక్కడ గొప్పవాళ్ళ కారు. తను చెప్పేది అబద్ధమని ఆయనకి తెలుసు. బాధపడుతున్న తల్లి మొహంలో కాస్త నవ్వు చూద్దామని చెప్పాడు. ఆయనకి పేరు రాకముందే, చుక్కల కారు రాకముందే ఆవిడ వెళ్ళిపోయింది. ఆ అబద్ధం మాత్రం ఆయన్ని వదల్లేదు. అందుకే గిటారుకి చుక్కలు వేయించుకున్నాడు. నల్ల గిటారు, తెల్ల చుక్కలు. చొక్కాలకీ చుక్కలే. లోకమంతా అది షోకు అనుకుంటుంది. తల్లికి ఇచ్చి నిలబెట్టుకోలేకపోయిన మాటని ఆయన మెడలో వేసుకుని తిరుగుతున్నాడు.

ఇది విన్న తర్వాత నాకు ఆ గిటారు తప్ప ఇంకేం కనపడలేదు.

కచేరీ అయ్యేసరికి పొద్దుపోయింది. పుణే ఆవిడ మా ఇద్దరికీ నమస్కారం పెట్టింది. "ఆయన వింటున్నట్టే అనిపించింది" అంది. బాంద్రాలోనే చుట్టాలింట్లో పడుకుని పొద్దున్నే రైలెక్కుతానంది. పేరు కూడా అడగలేదు నేను. ఇప్పటికీ అనుకుంటూ ఉంటాను, అడిగి ఉంటే బాగుండేదని.

టాక్సీలో తమ్ముడు పలకలేదు. కాసేపటికి ఫోను తీశాడు. అంత రాత్రివేళ అమ్మకి చేశాడు. అమ్మ కంగారుపడిపోయింది, పిల్లాడికి ఏమైందో అని. "ఏం కాలేదమ్మా. ఉగాదికి వస్తున్నాం" అన్నాడు. అవతల అమ్మ "సరే నాన్నా, అలాగే రా" అంది. ఆ 'అలాగే రా'లో నమ్మకం లేదు. నిష్ఠూరమూ లేదు. ఆ మాట నాకూ వినపడింది, వాడికీ వినపడింది. ఇంటికి రాగానే చెప్పులు కూడా విప్పకుండా రైలు టిక్కెట్లు బుక్ చేశాడు. సెలవు సంగతి మర్నాడు చూసుకున్నాడు.

2023 ఉగాది మార్చి 22న వచ్చింది. రెండు రోజుల ముందే పిల్లాణ్ణి తీసుకొచ్చి అమ్మ ఒళ్ళో పెట్టాడు. అమ్మ వాణ్ణి చూసి మాట్లాడలేదు. వాడి పాదాలు రెండూ తీసి కళ్ళకద్దుకుంది. ఆ పండక్కి ఉగాది పచ్చడి నేనే కలిపాను. అమ్మ దగ్గరుండి "వేపపువ్వు ఇంకాస్త వెయ్యవే" అంటూనే ఉంది.

మధ్యాహ్నం అందరూ పడుకున్నాక అమ్మకి ఈ చుక్కల గిటారు కథ చెప్పాను. తమ్ముడు పక్కనే ఉన్నాడు. అమ్మ అంతా విని, తాపీగా అంది, "ఆ తల్లికి తెలుసులేవే."

"ఏం తెలుసమ్మా?"

"వాడు అబద్ధం చెప్తున్నాడని. కన్నతల్లికి తెలీదా? చుక్కల కారు ఎవడు కావాలన్నాడు! తన్ని నవ్వించాలని వాడు అంత అబద్ధం అల్లాడు చూడు, ఆవిడకి అది చాలు. నోట మాట లేదు కాబట్టి చెప్పలేకపోయి ఉంటుంది. పాపం, ఆ కబురు ఎవరైనా అతనికి చెబితే బాగుండును. ఇన్నేళ్ళూ మోస్తున్నాడు."

తమ్ముడు లేచి వెళ్ళి దొడ్లో నిలబడ్డాడు. నేను వాడి వెనకాల వెళ్ళలేదు. కొన్ని ఏడుపులు ఒంటరిగానే ఏడవాలి.

ఇదండీ సంగతి. ఆ పెద్దాయన వీడ్కోలు యాత్ర అన్నాడే కానీ, గిటారు కింద పెట్టలేదు. 2025 జూలై 30న, సరిగ్గా తన 89వ పుట్టినరోజున ఇంకో కొత్త ఆల్బమ్ విడుదల చేశాడు. షికాగోలో 1989లో ఆయన పెట్టిన 'లెజెండ్స్' అనే క్లబ్బులో ఏళ్ళ తరబడి ప్రతి జనవరిలోనూ తనే వాయించేవాడు. ఆ ఊళ్ళో జనవరి అంటే గడ్డకట్టే చలి. ఆ చలిలో ఎక్కడెక్కణ్ణించో అభిమానులు వెళ్ళేవారు. ఎందుకెళ్తారో నాకిప్పుడు తెలుసు. తప్పులు లేని పాట కావాలంటే ఇంట్లో కూర్చుని రికార్డు పెట్టుకోవచ్చు. మడ్డీ వాటర్స్ చేతి తిండి తిన్న మనిషి, పత్తి ఏరిన వేళ్ళు, అమ్మకి చెప్పిన అబద్ధం, ఇవన్నీ రికార్డులో ఎదురుగా వచ్చి నిలబడవు. మనిషి ఉన్నప్పుడే వెళ్ళి చూడాలి.

మనకి షికాగో ఎందుకు? మన ఊళ్ళోనే ఉంటారు వెతికితే. మీ మేనత్త పాడే మంగళహారతి ఆవిడకి తప్ప ఇంకెవరికీ రాదు. మీ వీధి గుళ్ళో హరికథ చెప్పే పెద్దాయన వచ్చే ఏడు శ్రీరామనవమికి గజ్జె కడతారో లేదో. "ఈసారి కాదులే, పిల్లల పరీక్షలు" అని మనమే అనుకుంటాం. పరీక్షలు ప్రతి ఏడూ వస్తాయి. నేను మాత్రం ఇప్పుడు ఒక పద్ధతి పెట్టుకున్నాను. అమ్మ దగ్గరికి వెళ్ళినప్పుడల్లా ఒక పాట పాడించి ఫోన్లో రికార్డు చేస్తున్నాను. ఆవిడ సిగ్గుపడుతూనే పాడుతుంది. ఫోను కొంచెం దగ్గరగా, కుక్కరు కూత, ఫ్యాను చప్పుడు లేనిచోట పెట్టండి, స్పష్టంగా వస్తుంది. రికార్డు అయ్యాక ఫోను పక్కన పడేసి, ఇంకోసారి పాడమని ఎదురుగా కూర్చుని వినండి. అసలైన వినడం అదే.

మీ ఇళ్ళలో దూరాన ఉన్న పిల్లలు "వచ్చే పండక్కి తప్పకుండా" అంటూ ఉంటారు. మీకూ తెలుసు, వాళ్ళకీ తెలుసు. ఆ మాట విన్నప్పుడు మా అమ్మలాగా "అలాగే రా నాన్నా" అనేసి ఊరుకోకండి. నీ మాట రాకపోయినా పరవాలేదు, నువ్వు అన్నందుకే నాకు సంతోషం అని పైకి చెప్పండి. రేపు వాళ్ళు అది మెడలో వేసుకుని మొయ్యకుండా ఉంటారు. ఇక వెళ్ళగలిగిన పిల్లలు ఇది చదువుతుంటే, వాళ్ళకి నేను వేరే చెప్పక్కర్లేదు.

ఆవకాయ కలిపేటప్పుడు నన్నొకసారి తలుచుకోండి. మీ ఊళ్ళో మీరు విన్న పెద్దవాళ్ళ పాటల గురించి నాకు ఉత్తరం రాయండి. వచ్చే వారం మళ్ళీ కలుద్దాం.